తుడిచేసిన గీత

మా అక్క ఇంట్లో ముందుగదిలో, బైబిలు వాక్యం క్యాలెండరు పక్కన, లామినేషన్ చేయించిన ఒక కాగితం వేలాడుతూ ఉంటుంది. అందులో దేవుడి బొమ్మ లేదు, మనుషుల ఫోటో లేదు. నాలుగు నల్లటి గీతలున్నాయి. కింద మూడు గీతలు ఎగిరెగిరి పడుతుంటాయి. అన్నిటికంటే పైనున్నది మాత్రం ఇస్త్రీ చేసినట్టు తిన్నగా పోతుంది. మాట ఆగిపోయేవరకూ మా బావగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ ఆ కాగితం దగ్గరికి తీసుకెళ్ళి, "ఇది నా చెయ్యేనండి. మా మరదలు తీసింది. ఇంగ్లీషు పుస్తకంలో అచ్చేసేరు" అని చూపించేవారు.

పైనున్న ఆ తిన్నని గీత అబద్ధం. దాన్ని తిన్నగా చేసింది నేనే.

ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను. "పాపం, కావాలని చేసిందా" అని నన్ను ఓదార్చే ఉద్దేశం ఉన్నవాళ్ళెవరైనా ఉంటే ఇక్కడే ఆగిపోండి. ఓదార్పులు చాలానే విన్నాను, ఒక్కటీ పనికిరాలేదు. మా అక్క కూడా ఇది చదువుతుంది. చదివాక నాతో మాట్లాడుతుందో లేదో నాకు తెలియదు. మాట్లాడకపోతుందేమోననే భయంతోనే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను.

మెదడు వేసిన కేక నరం పట్టుకుని కండదాకా ఎలా వస్తుంది, వచ్చాక కండ దాన్ని ఎలా వింటుంది అన్నది చూడటం నా ఉద్యోగం. హైదరాబాదులో ఒక ల్యాబులో పనిచేస్తాను. చర్మం మీద చిన్న చిన్న బిళ్ళలు అంటించి, వాటికి తీగలు తగిలిస్తే, కండలో పుట్టే కరెంటు కంప్యూటర్ తెర మీద గీతలా కనిపిస్తుంది. నా పీహెచ్‌డీ మొదట్లో కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి గ్లాసు ఎత్తించేవాళ్ళం, బంతి విసిరించేవాళ్ళం. ఒకరోజు మా గైడుగారు విసుక్కున్నారు. "ఈ పిల్లల చేతుల్లో ఏముందమ్మా, సెల్‌ఫోన్ నొక్కడం తప్ప! ఏళ్ళ తరబడి ఒకటే పని చేసి చెయ్యి తిరిగినవాళ్ళు కావాలి మనకి" అన్నారు.

"మా బావగారున్నారండి" అన్నాను వెంటనే. ఎంత గర్వంగా అన్నానో నాకింకా గుర్తుంది.

మా బావగారు కొబ్బరికాయలు వలిచే మనిషి. మా కోనసీమలో చెట్టెక్కి కాయలు దింపేవాళ్ళు వేరు, కింద ఉండి వలిచేవాళ్ళు వేరు. అంబాజీపేట వెళ్ళే రోడ్డు పక్కన ఒక వర్తకుడి షెడ్డులో, నేలలో మొన పైకి ఉండేలా పాతిన గునపం ముందు ఆయన ముప్ఫై ఏళ్ళు నిలబడ్డారు. కాయని గునపం మీద పొడిచి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పితే చాలు, పీచు డొక్క మూడు చెక్కలై ఊడొచ్చేది. మాట్లాడుతూనే వలిచేవారు. పాట పాడుతూ వలిచేవారు. కాయ వంక చూసేవారే కాదు. గుళ్ళకి వెళ్ళే కాయలకైతే పిలక చెక్కుచెదరకుండా ఉంచేవారు. "మన చర్చికి కొబ్బరికాయతో పనిలేకపోయినా, ఐనవిల్లి వినాయకుడికి మన చెయ్యి పడందే కాయ వెళ్ళదు" అని నవ్వేవారు. నేనొకసారి సరదాకి గునపం దగ్గర నిలబడి ప్రయత్నిస్తే భుజం, మెడ, దవడ, ఆఖరికి కాలి బొటనవేలితో సహా ఒళ్ళంతా బిగుసుకుపోయింది, కాయ మాత్రం ఊడలేదు. మా పరిశోధనలో చూడాలనుకున్నది సరిగ్గా ఆ తేడానే. పని రానివాడి ఒళ్ళంతా కష్టపడుతుంది, పని వచ్చినవాడిలో కావలసిన కండ ఒక్కటే కదులుతుంది.

ఇంకో సంగతి చెప్పాలి. నేను ఆరో తరగతిలో ఉండగా అక్క పెళ్ళయింది, ఆ మరుసటేడు నాన్న పోయారు. అప్పట్నుంచి నేను అక్క ఇంట్లోనే పెరిగాను. అమలాపురం కాలేజీకి నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది ఆ బావగారే. నా పరీక్షల ముందు షెడ్డులో ముఠా అందరిచేతా ప్రార్థన చేయించింది కూడా ఆయనే. 'మరదలా' అని పిలిచేవారు గానీ కూతుర్ని చూసినట్టే చూశారు.

మిషను పట్టుకుని నేను షెడ్డుకి వెళ్ళిన రోజు వలుపు ముఠాలో ఆరుగురు ఒప్పుకున్నారు. అందరికంటే ముందు బావగారు చొక్కా విప్పి స్టూలు మీద కూర్చున్నారు.

"ఏంటి మరదలా, కరెంటు పెడతావా? మీ అక్కతో చెప్పే వచ్చేవా?"

"కరెంటు పెట్టనండి బావగారూ. మీ చేతిలో ఉన్న కరెంటే చూస్తాను."

"ఆయ్! అయితే మీటరు రీడింగుకి వచ్చేవన్నమాట."

అందరూ నవ్వారు. ఇదంతా దేనికో చెప్పమని వాళ్ళలో ఒకాయన అడిగితే, వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలని తంటాలు పడ్డాను. "మన వెన్నుపాములో చిన్న చిన్న మేస్త్రీలుంటారండి. ఒక్కో మేస్త్రీ కింద కొంత కండ ముఠాలాగ ఉంటుంది. మేస్త్రీ కేకేస్తే ఆ ముఠా అంతా ఒక్కసారే లాగుతుంది. కేక లేకపోతే ఊరికే కూర్చుంటుంది. ఏ మేస్త్రీ ఎప్పుడు కేకేస్తున్నాడో ఈ మిషను వింటుంది" అన్నాను.

బావగారు షెడ్డు గుమ్మంలో నిలబడ్డ వాళ్ళ మేస్త్రీ వైపు కన్నుగీటి, "మావోడైతే పనిలేకపోయినా కేకలేస్తాడు గదా. దానికేం పేరు పెట్టేరు మీ చదువులో?" అన్నారు.

షెడ్డంతా గొల్లుమంది, మేస్త్రీ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. దానికి మా చదువులో పేరుంది. పనిలేకుండా కేకలేసే మేస్త్రీ గురించి ప్రతి ఏడూ నా విద్యార్థులకి పాఠం చెప్తాను, బొమ్మలు చూపిస్తాను. ఆ రోజు నాకది తట్టనే లేదు.

ముందుగా రెండు నిమిషాలు చెయ్యి తొడ మీద పెట్టుకుని ఏమీ చెయ్యకుండా కూర్చోవాలి. దాన్ని మేం విశ్రాంతి గీత అంటాం. కండ ఊరికే ఉన్నప్పుడు గీత తిన్నగా ఉండాలి. దానితో పోల్చే తర్వాత గీతల్ని కొలుస్తాం. బావగారి గీత తిన్నగా రాలేదు. ఉండుండి ఒక ముల్లులా పైకి లేచి పడేది. కాసేపాగి మళ్ళీ ఒకటి, ఆ వెంటనే రెండు.

షెడ్డులో ఫ్యాను ఆపించాను. పక్కనున్న నీళ్ళ మోటారు ఆపించాను. పీచు దురద పెట్టకుండా వాళ్ళు చేతులకి కొబ్బరినూనె రాసుకుంటారు, ఆ జిడ్డువల్ల బిళ్ళలు జారుతున్నాయేమోనని స్పిరిటు పెట్టి చెయ్యంతా తోమి మళ్ళీ అంటించాను. అయినా అంతే. తీగలు మార్చాను. అయినా అంతే.

"నేను కదపట్లేదు మరదలా" అన్నారు బావగారు. "అదే గెంతుతుంది. గాలానికి చేప తగిలినట్టు టక్కుటక్కుమంటాది. ఈమధ్య ఇంటికాడ కూడా అంతే."

పక్కనున్న ముఠా మనిషి, "కుడి భుజం అదిరితే మగాడికి మంచిదంటారు అన్నయ్యా. ఏదో కలిసొస్తాది నీకు" అన్నాడు.

"మనకి శకునాల్లేవురా. అయినా మంచిదంటే వద్దనడం దేనికిలే" అన్నారు బావగారు.

అప్పటికే ఎండ ముదిరింది. మేస్త్రీ గడియారం చూసుకుంటున్నాడు. ఇంకా అయిదుగురి చేతులు మిగిలున్నాయి. నాకు చిర్రెత్తుకొచ్చింది. "అబ్బబ్బా, చిన్నపిల్లాడిలా ఆ కదలడం ఏంటండీ బావగారూ! రెండు నిమిషాలు కదలకుండా కూర్చోలేరా? పొద్దుట్నుంచీ మీ ఒక్కరితోనే సరిపోయింది నాకు!" అని గట్టిగా కసిరాను.

ఆ షెడ్డులో అంతకుముందు బావగారిని ఒక్క మాట అన్నవాళ్ళు లేరు. ఆయన నా వైపు చూసి, "ఆయ్. కదల్చనులే" అన్నారు. అని, ఎడం చేత్తో తన కుడి మణికట్టుని గట్టిగా నొక్కిపట్టుకుని కూర్చున్నారు. తప్పు చేసిన పిల్లాడు కూర్చున్నట్టు కూర్చున్నారు. నేను కంప్యూటర్ వైపు తిరిగిపోయాను.

తర్వాత ఆయన కాయలు వలిచిన గీతలు మాత్రం అద్భుతంగా వచ్చాయి. ఆరుగురిలోకీ ఆయనవే బాగున్నాయి.

హైదరాబాదులో గైడుగారు తెర మీద ఆ విశ్రాంతి గీత చూసి, "ఏంటమ్మా ఈ గోల? మీ ఊళ్ళో కరెంటు ఇంత అధ్వాన్నమా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. మా ఊరి మీద ఎవరైనా జోకేస్తే నవ్వేసే అలవాటు పట్నం వెళ్ళిన మొదటి ఏడాదే వచ్చేసింది నాకు. "అవునండీ, పైగా మా బావగారు కుదురుగా కూర్చోలేదు" అని కూడా అన్నాను. ముళ్ళు లేచిన చోటల్లా ఎంచుకుని తీసేశాను. మధ్యలో ప్రశాంతంగా ఉన్న ముక్కలు ఒకదానికొకటి అతికించాను. వ్యాసంలో ఒక వాక్యం రాశాను, బయటి అలజడి కలిసిన భాగాలు తొలగించాం అని. అందులో దొంగతనం ఏమీ లేదు, ఈ పనిలో అందరూ చేసేదే. ఆ వాక్యం లేని వ్యాసం మా వాళ్ళలో బహుశా ఎవరూ రాసి ఉండరు.

అదే గీత ఏ ఆసుపత్రి నుంచో, ముక్కూ మొహం తెలియని రోగిది వచ్చి ఉంటే అర నిమిషంలో పట్టేసేదాన్ని. ఒట్టేసి చెప్తున్నాను. ఇక్కడ నేను ఆరోగ్యంగా ఉన్న చెయ్యి కోసం వెళ్ళాను, పైగా అది మా బావగారి చెయ్యి. ఆ చేతికి జబ్బేమిటి? కరెంటు పాడై ఉండాలి, నూనె పాడై ఉండాలి, మనిషి బుద్ధి పాడై ఉండాలి. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు.

వ్యాసం అచ్చయింది. నా పేరుకి ముందు డాక్టర్ చేరింది. ఆ గీతలున్న పేజీని పెద్దదిగా ప్రింటు తీయించి పట్టుకెళ్తే, బావగారు అదే రోజు అమలాపురం వెళ్ళి లామినేషన్ చేయించుకొచ్చారు.

మరుసటేడు అక్క ఫోను చేసింది. అక్క అంగన్‌వాడీ టీచరు, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. "మీ బావగారు చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోతున్నారే. నెప్పేం లేదంట గానీ పట్టు తప్పిపోతుంది. నిన్న కాయ జారి కాలి మీద పడింది. షెడ్డులో ఏమంటున్నారో తెలుసా? మందు మొదలెట్టేడంటన్నారు" అంది. జీవితంలో కల్లు చుక్క ముట్టని మనిషిని ఆ మాట అన్నారని అక్క ఫోన్లోనే ఏడ్చింది.

"మెడ దగ్గర నరం నొక్కుకుపోయి ఉంటుంది అక్కా. ఆ పని చేసేవాళ్ళకి మామూలే. రబ్బరు బంతి ఒకటి కొని రోజూ పిసకమను, బలం వస్తుంది" అన్నాను నేను. నేను డాక్టర్ని కదా.

నా మాటంటే బావగారికి వాక్యంతో సమానం. పొద్దున్నా సాయంత్రమూ అరుగు మీద కూర్చుని బంతి పిసికేవారట. బంతి చేతిలోంచి జారి అరుగు కిందికి దొర్లిపోయేదట, అక్క వెళ్ళి తెచ్చి మళ్ళీ చేతిలో పెట్టేదట. అలా కొన్ని నెలలు గడిచాయి. నేను పండక్కి వెళ్ళినప్పుడు కూడా బంతి తెచ్చి నా ముందు పిసికి చూపించారు. "చూడు మరదలా, నువ్వు చెప్పిందల్లా చేస్తన్నాను. చెయ్యే మాట వినట్లేదు" అన్నారు. "ఇంకా గట్టిగా ప్రయత్నించాలండి" అన్నాను.

చివరికి మెడకి స్కానింగు తీయించారు. వెన్నుపూసలు అరిగిపోయాయని చెప్పారు. అరగక ఏమవుతాయి, ముప్ఫై ఏళ్ళు గునపం మీద వంగినవాడికి! ఆపరేషన్ చేస్తే చెయ్యి బాగవుతుందన్నారు. ఆసుపత్రి వరండాలోంచి అక్క ఫోను చేసి, "కాగితం మీద సంతకం పెట్టమంటున్నారే. నువ్వు ఊఁ అంటేనే పెడతానంటున్నారు మీ బావగారు" అంది. ఆ సమయానికి నేను ఒక సెమినార్‌లో మాట్లాడబోతున్నాను. అదే వ్యాసం గురించి, అవే గీతల గురించి. హాలు తలుపు దగ్గర నిలబడి, "చేయించెయ్యండక్కా" అన్నాను. స్కాను పంపమని కూడా అడగలేదు.

మెడ కోశారు. చెయ్యి బాగవలేదు. గాయం మానేసరికి ఎడం చేతిలోనూ పట్టు తగ్గింది, ఆ తర్వాత మాట ముద్దగా రావడం మొదలైంది.

అప్పుడు మాత్రం నేను పరిగెత్తుకొచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మనవాళ్ళందరి కంటే నేనే ముందు. విశాఖపట్నంలో నరాల డాక్టరుగారి దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన బావగారి చొక్కా విప్పించి, చెయ్యి ముట్టుకోకుండా ఒక నిమిషం పాటు అలా చూస్తూ నిలబడ్డారు. చిక్కిపోయిన కుడి చేతిలో చర్మం కింద కండ అక్కడొకసారి, ఇక్కడొకసారి ఉలిక్కిపడుతోంది.

"ఇలా గెంతడం ఎప్పట్నుంచండీ?" అని అడిగారు డాక్టరుగారు.

బావగారు తల తిప్పి నా వైపు చూశారు. నాకు ఆ షెడ్డు, ఆ ఫ్యాను, ఆ స్పిరిటు వాసన అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"ఈమధ్యేనండి" అన్నారు బావగారు.

"ఈమధ్యేంటి, చాన్నాళ్ళయింది గదా..." అని అక్క అనబోతే, "నీకేం తెలుసు, ఊరుకో" అని గట్టిగా ఆపేశారు. ఆయన అక్క మీద గొంతు పెంచడం నేనెప్పుడూ చూడలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు.

డాక్టరుగారు జబ్బు పేరు చెప్పారు. వెన్నుపాములో కండల్ని కదిలించే కణాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు. చచ్చేముందు ఆ కణం పిచ్చెత్తినట్టు తనంతట తనే కేకలు వేస్తుంది, అందుకే కండ గెంతుతుంది. మందు లేదు. ఆపరేషన్ అవసరం అసలు లేదని కూడా ఆయన చెప్పారు, కాస్త నెమ్మదిగా, కాగితాల వైపు చూస్తూ.

తిరుగు ప్రయాణంలో రావులపాలెం దగ్గర అరటిగెలల లారీలు అడ్డంగా ఉండి కారు ఆగిపోయింది. అక్క టీ తెప్పించి బావగారి నోటికి అందించింది. సగం గడ్డం మీద కారింది. తుడిపించుకుంటూ ఆయన నాతో, "మేస్త్రీలు పోతున్నారన్నమాట" అన్నారు. నేను ఒక్క ముక్క కూడా విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

ల్యాబుకి వెళ్ళగానే పాత ఫైళ్ళు తెరిచాను. మేం ఏది తుడిచినా అసలు రికార్డింగుని మాత్రం విడిగా దాస్తాం. ఆ ముళ్ళు అలాగే ఉన్నాయి. గీతని చప్పుడుగా మార్చి వినే వీలు కూడా ఉంది మా మిషనులో. స్పీకరు పెట్టాను. వాన మొదలయ్యేముందు రేకుల కప్పు మీద పడే పెద్ద పెద్ద చినుకుల్లా, టప్... టప్ టప్... టప్... ఫ్యాను కాదది, మోటారు కాదు, కొబ్బరినూనె కాదు. ఫైలు పక్కనే ఆ రోజు నేను రాసుకున్న నోటు పుస్తకం ఉంది. ఒకటో నంబరు మనిషికి ఎదురుగా నా చేతిరాతతో 'సహకరించడం లేదు' అని ఉంది.

గైడుగారికి చెప్పాను. ఆయన, "అప్పుడు తెలిసినా జబ్బు ఆగేది కాదు కదమ్మా" అన్నారు. నిజమే, ఆగేది కాదు. కానీ మెడ కోయించుకునేవారు కాదు. రబ్బరు బంతి ముందు తనని తాను అసమర్థుడు అనుకునేవారు కాదు. తాగుబోతు అన్నవాళ్ళ ముందు తల దించుకునేవారు కాదు. రెండు చేతులూ పనిచేస్తున్న ఒక ఏడాది ఆయనకి మిగిలేది, ఆ ఏడాదిని ఏం చేసుకోవాలో ఆయనే తేల్చుకునేవారు. ఇదంతా నేను గట్టిగానే అన్నాను. గైడుగారు విన్నారు. విని, గొంతు సవరించుకుని, "ఒక మాట. జబ్బు బయటపడకముందూ, బయటపడ్డాకా, రెండు రికార్డింగులూ ఉన్న మనిషి దొరకడం చాలా అరుదు. ఇంకొక్కసారి తీసుకురాగలవా?" అని అడిగారు.

గదిలోంచి విసురుగా వచ్చేశాను. దారిపొడుగునా ఆయన్ని తిట్టుకున్నాను, మనిషా పశువా అని. మరునాడు అక్కవాళ్ళ ఊరికి బయల్దేరినప్పుడు మిషను బ్యాగులో పెట్టుకునే బయల్దేరాను. ఎందుకు పెట్టుకున్నానో నన్నడగొద్దు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టు ఏదో ఒకటి చెప్పాల్సొస్తుంది.

నేను వెళ్ళేసరికి పొద్దున్న పది దాటింది. అక్క అంగన్‌వాడీకి వెళ్ళిపోయింది. బావగారు అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో, మెడ చుట్టూ పట్టీతో కూర్చుని ఉన్నారు. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద అక్క ఎలా పెట్టి వెళ్ళిందో అలాగే ఉన్నాయి. నేను ఆయన ముందు నేల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచి, పాత గీత చూపించి, స్పీకరు పెట్టాను. రెండు నిమిషాలూ విన్నారు.

"ఇది నా చెయ్యేనా?" అన్నారు. ఒక్కో మాటా కూడదీసుకుని, ముద్దముద్దగా.

"ఆయ్. ఆ రోజు షెడ్డులోదేనండి. మీరు చెప్పేరు బావగారూ. అదే గెంతుతుందని చెప్పేరు. నేను వినలేదు."

"వినకపోవడమేంటి. తిట్టేవు గదా" అన్నారు. అని నవ్వబోయారు, నవ్వు దగ్గులోకి దిగింది. వీపు రాస్తూ నేను ఏడ్చేశాను. దగ్గు తగ్గేదాకా ఆగి, "డాక్టరుగారి దగ్గర ఈమధ్యేనని ఎందుకు చెప్పేరండి?" అని అడిగాను.

"మీ అక్కుంది గదా పక్కన."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన ఊపిరి తీసుకుని మళ్ళీ చెప్పారు. "దానికి తెలిస్తే నీతో మాట్లాడదు. దాని సంగతి తెలుసుగా నీకు. నేను పోయాక దానికెవరున్నారు, నువ్వే గదా. చెప్పకు."

ఇంతకాలం చెప్పలేదు. ఆయన మాట ఇప్పుడు దాటుతున్నాను. అక్కా, ఆయన నీ కోసమే దాచారు. నేను మాత్రం నా కోసమే దాచాను. ఆ రెండూ ఒకటి కావని నీకు తెలియాలనే రాస్తున్నాను.

కాసేపటికి బావగారి చూపు నా బ్యాగు మీద పడింది. "అందులో ఉన్నది మిషనేనా?"

నేను తల దించుకున్నాను.

"పెట్టు" అన్నారు.

"వద్దండి బావగారూ."

"నీకు పనికొస్తాది. పెట్టు."

మనసులో ఒక పక్క చచ్చిపోవాలనిపించింది, ఇంకో పక్క చేతులు బ్యాగు జిప్పు తీస్తున్నాయి. దూది మీద స్పిరిటు వేసి ఆయన చెయ్యి తుడిచాను. జిడ్డేమీ లేదు. ఆ చేతికి నూనె రాసుకునే పని పోయి చాలాకాలమైంది. షెడ్డులో బిళ్ళ అంటిస్తే చుట్టూ ఇంకా బోలెడంత కండ మిగిలేది, ఇప్పుడు బిళ్ళ అంచులు ఎముక మీద లేచి నిలబడ్డాయి. తీగలు తగిలించాను. విశ్రాంతి గీతకి చెయ్యి తొడ మీద ఉండాలి. ఆయన తన చేతి వంక, తర్వాత నా వంక చూశారు. నేనే ఎత్తి తొడ మీద పెట్టాను.

"ఈసారి కదల్చనులే మరదలా" అన్నారు బావగారు.